కాశీలో వదిలిన చుట్ట

గోదావరి మీద రైలు వంతెన కట్టిన కొత్తలో మా వైపు ముసలమ్మలందరికీ ఒక్కసారిగా కాశీ దగ్గరైపోయింది. మా అమ్మ కూడా మూట కట్టింది. వెంట మగదిక్కుగా నేను బయలుదేరాను. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకిష్టమైనదేదో ఒకటి గంగలో వదిలి రావాలనీ, మళ్ళీ బతికుండగా దాన్ని ముట్టకూడదనీ ఆచారం. ఆచారం అన్నాక మనవాళ్ళు సులువు చూసుకోకుండా ఉంటారా? మా మేనమామ పొట్లకాయ వదిలాడు. బుద్ధెరిగాక ఆయన పొట్లకాయ కూర విస్తట్లో వేయించుకున్న పాపాన పోలేదు. నేను కూడా కాకరకాయ అనేసి ఒడ్డెక్కుదామనుకున్నాను. నడుం లోతు నీళ్ళలో అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇష్టమైనదిరా నాయనా. చుట్ట వదిలెయ్యి" అంది.

మా నాన్న దగ్గుతో పోయాడు. ఆ మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తితే ఏదో ఒక వాదన పెట్టుకునేవాణ్ణి. ఎత్తలేదు గనక సంకల్పం చెప్పి, మునిగి లేచాను.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు నోట్లో వెలితిగా ఉండేది. తరవాత అదీ పోయింది. ఇంట్లో ఉన్నంతసేపు చుట్ట జ్ఞాపకమే రాలేదు. పొలం వెళ్ళినా రాలేదు. ఇంతేనా అని నాలో నేనే మురిసిపోయాను. అసలు చిక్కు కాలవ గట్టు మీద వచ్చింది.

మాది మండపేట దగ్గర పల్లెటూరు, ఊరి పక్కనే కాలవ. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళం గట్టు మీద చేరేవాళ్ళం. ధాన్యం ధర, కాలవకి నీళ్ళెప్పుడు కట్టేస్తారు, ఎవరింట్లో ఏం గొడవ, అన్నీ అక్కడే. లంక పొగాకు చుట్ట ఒకడు వెలిగిస్తే, ఆ నిప్పుతోనే ఇంకొకడు, వాడి నిప్పుతో మరొకడు అంటించుకునేవాళ్ళు. అలా తలా తలా దగ్గరికి చేర్చి వంగినప్పుడే అసలు కబుర్లు దొర్లేవి.

కాశీ నుంచి వచ్చాక నేను గట్టెక్కితే చాలు, అందరూ చుట్టలు నేలకి నొక్కి ఆర్పేసేవారు. "ఆయన కాశీలో వదిలేశారండి. ఎదురుగుండా కాల్చకూడదండి" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. చుట్టతో పాటు కబుర్లూ ఆరిపోయేవి. కాసేపు నీళ్ళకేసి చూసి, పనుందని ఒక్కొక్కళ్ళూ లేచిపోయేవారు. మర్యాద అంటే మా వైపు అంత గట్టిగా ఉంటుంది. దాంతో నా కొంప మునిగింది. నన్ను వెలివేసినా అంత బాధపడేవాణ్ణి కాను.

ఓ రోజు ఉండబట్టలేక, "కాల్చుకోండర్రా, నాకేం కాదు" అన్నాను. మా భూమి కౌలుకి చేసే రైతు ఒకడుండేవాడు, నా ఈడువాడే, మంచి సరదా మనిషి. అతను నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "మీరు వదిలింది మీ చుట్ట కదండి. మా చుట్ట మీరెక్కడ వదిలారండి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే చెయ్యి చాపాను. అతను ఓ చుట్ట నా చేతిలో పెట్టి, తనది మళ్ళీ వెలిగించి, ఆ నిప్పు నా చుట్టకి ఆనించి పట్టుకున్నాడు.

ఆ పూట ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పొగ వల్ల కాదు, నలుగురిలో మళ్ళీ కలిసినందుకు. ఇప్పుడు తలుచుకుంటే ఆ హాయికే ఎక్కువ సిగ్గేస్తుంది.

అప్పటినుంచి అదే వరస. ఇంటికి వెళ్ళేముందు కాలవలో నోరు పుక్కిలించి, జామాకు నమిలి, లవంగం బుగ్గన పెట్టుకునేవాణ్ణి. ఇక్కడ నా తంటాలు ఇలా ఉంటే, అక్కడ ఆడవాళ్ళ రేవులో అమ్మ నా గొప్ప చెప్పుకునేది. "మావాడు గంగలో ఒక్క మునకతో మానేశాడమ్మా" అని. మా ఆవిడ ఇంటికొచ్చి ఆ మాటలు చెబుతుంటే పెరట్లోకి తప్పుకునేవాణ్ణి.

ఓ సాయంత్రం గట్టు మీంచి వచ్చి అరుగు మీద అమ్మ పక్కన కూర్చున్నాను. ఆ కౌలు రైతు భార్య, మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఈయన దగ్గితే నెత్తురు పడతందండి" అంది కళ్ళు తుడుచుకుంటూ. "వైద్యుడు గారు చుట్ట మానకపోతే దక్కడన్నారండి. నా మాట వినడండి. తమరు కాశీలో వదిలేశారని అమ్మగారు చెప్పారండి. ఆ చేత్తో ఒట్టేయించుకోండి బాబూ. తమరి మాట దాటడండి."

అతను తల వంచుకుని నిలబడ్డాడు. గంట కూడా కాలేదు, అతని చుట్ట నిప్పుతోనే నేను వెలిగించుకుని. అతను ఒక్కసారి తలెత్తి చూస్తే చాలు, నా బండారం బయటపడేది. కాని నా భూమి మీద బతికే మనిషి. పైగా మర్యాదస్తుడు. నేను చెయ్యి చాపాను. అతను అందులో చెయ్యి వేశాడు. అరచెయ్యి వేడిగా ఉంది, లోపల జ్వరం ఉన్నట్టుంది. రోజూ పక్కనే కూర్చుని ఆ దగ్గు వింటూ కూడా నాకు పట్టలేదు.

అంతటితో ఊరుకున్నా కొంత బాగుండేది. నేను గొంతు సవరించుకుని, "మానెయ్యవోయ్. నేను మానలేదూ?" అన్నాను. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"అవునండి. తమరు మానేశారు కదండి" అన్నాడతను. గొంతులో వెటకారం లేదు. "నేనూ మానేస్తానండి."

ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను లేవబోతుంటే అమ్మ అంది, "ఆ పిల్ల వాకిట్లో నుంచుంది కాబట్టి సరిపోయింది. నేను నీ పక్కనే కూచున్నాను కదరా."

లేవబోయినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. "ఎప్పటినుంచి తెలుసమ్మా?" అని అడిగాను.

"మీ నాన్నతో కాపరం చేసినదాన్ని. లవంగం నమిలితే తెలీదా?"

"మరి రేవులో అలా ఎందుకు చెప్పుకొచ్చావు?"

"పదిమందీ మెచ్చుకుంటే సిగ్గుపడి మానతావనుకున్నాను. సిగ్గు నాకే వచ్చింది." అని లేచి లోపలికి వెళ్ళింది. వెళ్తూ, "ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పన్లే" అంది.

అతను నిజంగానే మానేశాడు. గట్టు మీదికి రావడమే మానుకున్నాడు. ఆ జబ్బు మనిషే మానగలిగాడు గదా అని, నేను కూడా మర్నాటినుంచి ముట్టలేదు. ఒట్టు లేదు, సంకల్పం లేదు. మధ్యాహ్నాలు ఇంట్లోనే ఒంటరిగా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో ఏడుపొచ్చేది, తరవాత తరవాత రాలేదు.

అమ్మ మాట మీద నిలబడింది. మళ్ళీ రేవులో నా ఊసెత్తలేదని మా ఆవిడ చెప్పింది. ఆ తరవాత అమ్మ చాలా ఏళ్ళు బతికింది. రోజూ ఆవిడ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. నిజంగా మానేశానమ్మా అని చెప్పాలని ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. చెబితే, నమ్మినట్టు తల ఊపుతుందేమోనని భయం.