కుడివైపు తిరగని బండి

మా ఆయన కుడిచెయ్యి ఎలా విరిగిందో ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లలో మూడు రకాలుగా చెప్పుకునేవారు. ఆఫీసులో ఆయన చెప్పింది మోటార్‌సైకిల్ జారిందని. నేను చెప్పింది, రిడ్జి అడవిలోంచి తప్పించుకొచ్చిన మనుబోతు ఒకటి మా మెట్లకింద దూరితే ఆయన దాని కొమ్ములు పట్టుకుని రింగు రోడ్డు దాకా తోసుకెళ్ళారని. జరిగింది మాత్రం, జనవరి పొగమంచులో పాలసీసాలు పట్టుకుని పైకొస్తూ మెట్టు మీద జారిపడ్డారు. సీసా ఒక్కటి కూడా పగల్లేదు. ఆ ముక్క మూడు కథల్లోనూ ఉండేది.

ఎముకలు కట్టే పహిల్వాన్ ఒకడు ఆ చేతిని అతికించాడు గానీ మోచెయ్యి పూర్తిగా చాపడానికి రాలేదు. అన్నం కలుపుకోవడానికి, ఫైళ్ళ మీద సంతకం పెట్టడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మోటార్‌సైకిల్ తోనే. రిటైరైన పటాలం ఆయన దగ్గర కొన్న పాత బండి అది. హ్యాండిల్ కిందికి, దూరంగా, కావడిబద్దలా ఉండేది. దానిమీదే ఆగ్రా, జైపూర్, హరిద్వార్ తిరిగాం. చెయ్యి విరిగాక కుతుబ్ మీనార్ దాకా వెళ్ళేసరికే ఆయన భుజం మొద్దుబారిపోయేది.

"అమ్మేసి శుభ్రంగా స్కూటర్ కొనుక్కోండమ్మా" అని కింద వాటాలో ఉండే తెనాలి పిన్నిగారు సలహా ఇచ్చారు. మా ఆయన ఆ వారమంతా ఆవిడ పంపిన దోసకాయ పప్పు ముట్టలేదు.

కారణం ఉంది. ఆ ఏడు మస్సూరీ వెళ్ళి మంచుకొండలు చూడాలని అనుకున్నాం. ఇద్దరం డెల్టా కాలవల మధ్య పుట్టినవాళ్ళం. మంచంటే మాకు తెలిసింది సోడాబండివాడు రంపంపొట్టులో కప్పి తెచ్చే దిమ్మే. బస్సులో వెళ్ళడం ఆయనకి ఇష్టం లేదు. "బస్సులో వెళితే డ్రైవరు చూపించినట్టు. మన బండి మీద వెళితే మనం చూసినట్టు" అనేవారు.

అందుకని కొత్త హ్యాండిల్ కోసం కరోల్‌బాగ్ వెళ్ళాం. ఏషియాడ్ ఆటల కోసం ఢిల్లీ అంతా తవ్విపోస్తున్న రోజులు. ఆ దుమ్ములో ఒక సర్దార్జీ దుకాణం, కప్పునుంచి దండలు కట్టినట్టు హ్యాండిళ్ళు. గేదె కొమ్ముల్లాంటివి, మెలితిప్పిన మీసాల్లాంటివి, ఇద్దరు కూర్చుని ఊగొచ్చు అనిపించేవి. ఒక్కొక్కటే దింపి బండికి బిగించడం, మా ఆయన పట్టుకుని కళ్ళు మూసుకోవడం, తల అడ్డంగా ఊపడం. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అంతసేపు ఆలోచించలేదు.

"ఆరామ్ కిస్‌కో చాహియే జీ, కంధే కో యా కమర్ కో?" అన్నాడు సర్దార్జీ. హాయి భుజానికా, నడుముకా అని.

"కంధే కో" అన్నారు మా ఆయన.

"పీఛేవాలీ కో భీ" అన్నాను, వెనక కూర్చునే దాన్ని నేనే కనుక.

సర్దార్జీ నవ్వి, మా ఆయన రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూశాడు. "హ్యాండిల్ తో సబ్ ఠీక్ హై బాబూజీ. ఆప్‌కే హాథ్ దో నంబర్ కే హైఁ." రెండు చేతులు రెండు సైజులైతే హ్యాండిల్ మాత్రం ఏం చేస్తుంది? కుడివైపు కొమ్ము కాస్త వెనక్కి వంచుకోవాలన్నాడు.

ఒక మామూలు హ్యాండిల్ దింపి, దాని పైపులో ఇసుక కూరాడు. బండికే బిగించి, మంటతో ఎర్రగా కాల్చి, ఇంకో లావుపాటి గొట్టం తొడిగి వంచడం మొదలుపెట్టాడు. మా ఆయన బండిమీద కూర్చుని చెయ్యి చాచి కొలతగా పట్టుకున్నారు. పైపు ఆయన పిడికిలి దగ్గరికి వచ్చింది. సరిగ్గా సరిపోయింది.

"చాలు" అన్నారు మా ఆయన, కంగారులో తెలుగు వచ్చేసి.

సర్దార్జీ ఇంకా వంచాడు.

"చాలు! చాలు!" అని నేను కూడా అందుకున్నాను.

"హాఁ భాభీజీ, చాలూ హై, చాలూ హై!" అంటూ కాలు గోడకి తన్నిపెట్టి మరీ వంచాడు. హిందీలో చాలూ అంటే నడుస్తోందని, కానివ్వమని. మేమిద్దరం ఎంత గట్టిగా అరిస్తే సర్దార్జీకి అంత ఉత్సాహం వచ్చింది. హిందీలో చాలు అనడానికి 'బస్' అనే చిన్నమాట, రోజూ బస్టాపులో అనుకునే మాట, ఇద్దరిలో ఒక్కరికీ నోటికి రాలేదు. చివరికి మా ఆయన బండి దిగి సర్దార్జీ నడుం పట్టుకుని లాగారు. అప్పటికి కుడికొమ్ము, బండిమీద కూర్చుంటే మా ఆయన బొడ్డుకి తగిలేచోటికి వచ్చి ఆగింది.

వింత ఏమిటంటే, ఆ చేతికి అదే హాయిగా ఉంది. మోచెయ్యి మడిచి, మజ్జిగ గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకునేవారు. నొప్పి పోయింది. అయితే బండి కుడివైపుకి తిప్పబోతే పిడి వచ్చి ట్యాంకుకీ తొడకీ మధ్య ఇరుక్కునేది. మణికట్టు కదలదు, రేజ్ ఇవ్వడం కుదరదు. ఎడమకి మాత్రం గుర్రంలా తిరిగేది.

దాంతో మేం ఎడమవైపు ఢిల్లీలోనే బతికాం. కుడికి వెళ్ళాలంటే మూడుసార్లు ఎడమకి తిరిగేవాళ్ళం. కూరలకని ఐఎన్ఏ మార్కెట్‌కి బయలుదేరి పాలం విమానాలు చూసి వచ్చిన రోజులున్నాయి. కుడివైపు సందుల్లో ఉన్న తెలుగువాళ్ళు మేం పేరంటాలకి రావడం లేదని అలిగారు. ఒక కాలనీ చుట్టూ ఎడమకే తిరుగుతూ మూడు రోజులు ఇరుక్కుపోయామని, మూడోరోజు ట్రాఫిక్ పోలీసు టిఫిన్ అందించాడని నేను చెబితే పిన్నిగారు నమ్మలేదు గానీ, "టిఫిన్ ఏం పెట్టాడమ్మా?" అని మాత్రం అడిగారు.

సర్దార్జీ చాలా బాధపడ్డాడు. ఇంకో పైపు వంచి ఇస్తానన్నాడు. మా ఆయనే ఒప్పుకోలేదు. "ఇన్నాళ్ళకి నొప్పి లేకుండా కూర్చున్నానోయ్. మళ్ళీ కాల్చి వంచితే ఈ హాయి ఎటు పోతుందో" అన్నారు నాతో.

"మరి కొండదారిలో వంపులుంటాయి కదండీ?" అన్నాను.

"వంపులు ఎక్కడ లేవు? మన కాలవగట్టు మీద లేవూ?"

ఆ కాలవగట్టు ధైర్యంతోనే సెలవు దొరికిన సెప్టెంబరులో బయలుదేరాం. ఇప్పుడు మేముంటున్న ఇందిరాపురం అప్పుడు చెరుకుతోటలు. ఘాజియాబాద్, మీరట్, రూర్కీ, హరిద్వార్, అంతా తిన్నటి దారి. ఆయన భుజం ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. ఈలవేసుకుంటూ నడిపారు. మా సంసారంలో అంత సంతోషమైన ప్రయాణం అంతకుముందు లేదు, తరవాత లేదు.

డెహ్రాడూన్ దాటి కొండ ఎక్కడం మొదలుపెట్టాక కుడివైపు మొదటి మలుపు వచ్చింది. కాలవగట్టు వంపు కాదది, తలపిన్నులా మడత. పిడి ఇరుక్కుంది, రేజ్ అందక బండి ఆగిపోయింది. దిగి, ఇద్దరం వెనక చక్రం ఎత్తి బండిని తిప్పి పెట్టుకున్నాం. రెండో మలుపులోనూ అలాగే. మూడోసారి ఎత్తేటప్పుడు విరిగిన చెయ్యి మెలిపడి ఆయన రోడ్డుపక్క పిట్టగోడ మీద కూలబడిపోయారు. మొహంలో నెత్తురు లేదు.

కాసేపయ్యాక కింద నుంచి బస్సు వస్తూ కనబడింది.

"నువ్వు ఎక్కు" అన్నారు.

"మీరు లేకుండా నాకెందుకండీ?"

"ఎక్కవే. ఇద్దరిలో ఒకళ్ళమైనా చూడాలి కదా. నువ్వొచ్చి చెబితే నేను చూసినట్టే. ఊళ్ళో వాళ్ళకి లేనివన్నీ చెబుతావు, నాకు ఉన్నది చెప్పలేవూ?"

ఎక్కాను. మస్సూరీ బస్టాండులో దిగితే ఎదురుగా ఉన్న టీ బండి కూడా కనబడలేదు. వానలు ఇంకా వెనక్కి తగ్గలేదు, కొండంతా పొగమంచు. కొండలెటువైపని ఒకాయన్ని అడిగితే ఒకవైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి కూడా సగమే కనబడింది. కాసేపు అటు చూస్తూ నిలబడి, కిందికి పోయే బస్సెక్కాను.

ఆయన పిట్టగోడ మీదే ఉన్నారు. నన్ను చూసి లేచారు.

"మంచు చూశావా?"

"చూశానండీ."

"తల తడిసిందే."

"మంచు కదండీ మరి."

పొగమంచుకీ కొండల మీది మంచుకీ తెలుగులో ఒకే మాట కావడం ఆ రోజు నాకు కలిసొచ్చింది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు. నొప్పిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పిల్లాడిలా. చెప్పాను. వరసగా ఏడు కొండలు, నడిమిది అన్నిటికంటే ఎత్తు, ఎండ పడితే పైనుంచి కిందికి వెన్న కరిగినట్టు రంగు మారడం, దాని అంచు మీంచి పొగలా లేచే మంచు. మామూలుగా నా మాటల్లో సగం తీసేసి వింటారు. ఆ రోజు ఏమీ తీసెయ్యలేదు. నడిమి కొండ ఏ పక్కకి వంగి ఉందో కూడా అడిగారు.

అంతా విని బండి ట్యాంకు మీద చెయ్యి వేశారు. "అయితే ఇంక మనం రానక్కర్లేదు" అన్నారు.

చుట్టూ మబ్బు ఉండగా, నా తలలోంచి నీళ్ళు కారుతుండగా, ఆయన నిజంగానే నమ్మారో, ఇక చెయ్యి సాగదని తనకి తెలిసిపోయి, ఆగిపోవడానికి ఒక వంక దొరికితే చాలనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఏమీ కనబడలేదండీ, ఇంకో హ్యాండిల్ వేయించుకుని మళ్ళీ వద్దాం అని నేను అని ఉంటే, వచ్చేవాళ్ళమేమో. చలికాలం రాకముందే బండి అమ్మేశారు. స్కూటర్ కూడా కొనలేదు.

ఈ అపార్ట్‌మెంట్లలో వేసవి సెలవులకి ఎవరో ఒకరు మస్సూరీ వెళుతూనే ఉంటారు. మా ఆయన వాళ్ళని కూర్చోబెట్టి ఏడు కొండల వరస చెబుతారు. నేను చెప్పినదానికంటే ఆయన బాగా చెబుతారు. కిందటి నెల పక్కింటి అమ్మాయి, "ఆంటీ, కారులో చోటుంది, ఆప్ భీ చలియే నా" అని రమ్మని పిలిచింది.

"మీ ఆంటీ చూసేసిందమ్మా" అన్నారు ఆయన.

అవునని నవ్వాను. రాత్రి మాత్రం ఆ కారులో నా సీటు ఏ కిటికీ పక్కన ఉండేదో ఆలోచిస్తూ పడుకున్నాను.