షటర్ కంటికి పెట్టిన బొట్టు

హన్మకొండలో మా ఇంటి ముందుగది ఒకప్పుడు మా కిరాణా దుకాణం. ముప్పై ఏళ్లు దాని ఇనుప షటర్‌ను కొక్కెం కర్రతో లేపీ దించీ నా కుడిభుజం అరిగిపోయింది. దుకాణం ఎత్తేశాక ఆ గదిలో కారు పెట్టుకోవడం మొదలుపెట్టాను. భుజం మొండికేసింది కనుక షటర్‌కు మోటారు పెట్టించాను. బిగించడానికి వచ్చిన మనిషి అరగంట సేపు ఏదేదో చెప్పాడు. షటర్‌కు అటూ ఇటూ మోకాలి ఎత్తున గుండీలంత రెండు గాజు కళ్లున్నాయనీ, ఆ రెండింటి మధ్యకు ఎవరైనా వస్తే దిగుతున్న షటర్ ఆగి మళ్లీ పైకి పోతుందనీ చెప్పాడు. మోటారు పక్కన వేలాడే ఎర్రతాడు గుంజితే మోటారు పట్టు వదిలేస్తుందట, అప్పుడు చేత్తో లేపుకోవచ్చట. షటర్ గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదనుకునే మనిషిని నేను. తలూపుతూ విన్నాను, అంతే. ఆయన అటు పోగానే ఎర్రతాడు ఎబ్బెట్టుగా ఉందని పైకి చుట్టి ముడేశాను.

మా ఒక్కగానొక్క బిడ్డను నర్సంపేటలో ఇచ్చాం. దాని కూతురికి అప్పుడు ఐదేళ్లు. నెలకు రెండుసార్లైనా తల్లీకూతుళ్లు వచ్చేవారు. మా ఇంట్లో మనుమరాలికి అన్నిటికన్నా నచ్చింది ఆ షటరే. ఆటో దిగుతూనే రిమోటు అడిగేది, నేను ఇచ్చేవాణ్ణి. ఇవ్వొద్దని నా భార్య గొణిగితే, "పసిపిల్ల, ఏం జేస్తది, ఆడుకోనీ" అనేవాణ్ణి. పిల్ల మీట నొక్కి, షటర్ సగం దిగేదాకా ఆగి, కిందనుంచి లోపలికి ఉరికేది. షటర్ టక్కున ఆగి పైకి పోయేది. "సూసినవా తాతా, దానికి నేనంటే భయం" అని నడుము మీద చేతులు పెట్టుకుని చెప్పేది. నేనెంత మురిసిపోయేవాణ్ణో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. ఆపాల్సింది పోయి చప్పట్లు కొట్టేవాణ్ణి.

పోయినేడు బతుకమ్మకు ఇద్దరూ వచ్చారు. దసరానాడు పొద్దున మా ఇంట్లో పనిముట్లకు పూజ. దుకాణం ఉన్నప్పుడు తరాజుకు, తూకపు బాట్లకు బొట్లు పెట్టేవాళ్లం. ఇప్పుడు కారుకు, మోటారుకు, షటర్‌కు. నా భార్య పసుపు గిన్నె పట్టుకుని అన్నిటికీ అద్దుకుంటూ వచ్చింది. "దాని కండ్లు ఇడిసిపెట్టినవ్" అని చూపించింది నేనే. ఆమె రెండు గాజులకూ తడి పసుపు నిండుగా పూసి, నడుమ కుంకుమ పెట్టింది.

సాయంత్రం జమ్మిచెట్టు పూజకు బయల్దేరుదామంటే షటర్ దిగదు. జానెడు దిగి మళ్లీ పైకి పోతుంది. కళ్లు మూసుకుపోయాయి కనుక ఎవరో అడ్డమున్నారని దాని లెక్క. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే అయిపోయేది, కాని ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. పొద్దున పూజ చేసిన చేతులే దాన్ని చెడగొట్టాయని ఎవరనుకుంటారు? బిగించిన మనిషికి ఫోన్ చేశాను. "పండుగ గద సార్, ఎల్లుండి వస్త. అప్పటిదాంక ఏం ముట్టుకోకుండ్రి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇల్లు బార్లా తెరిచిపెట్టి ఎలా పోతాను? మా గల్లీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను పది నిమిషాల్లో ఆ కళ్ల వైర్లు తెంపి, కొసలు కలిపి టేపు చుట్టాడు. "గా కండ్లతోనే కిరికిరి కాకా. తీసేసిన, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. షటర్ జర్రున దిగింది. నేను సంబరపడి అతన్ని కూర్చోబెట్టి గారెలు తినిపించి పంపాను.

మర్నాడు పొద్దున బిడ్డ ప్రయాణానికి బట్టలు సర్దుకుంటోంది. మనుమరాలు రిమోటు అడిగింది. ఇచ్చాను. కళ్లు తీసేసిన సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. అయినా ఇచ్చాను.

పిల్ల ఎప్పటిలాగే షటర్ సగం దిగేదాకా ఆగి, నవ్వుతూ, నా వైపే చూస్తూ ఉరికింది. షటర్ ఆగలేదు. అది భుజానికి తగిలి పిల్ల కింద పడింది, కుడికాలు అడుగున చిక్కింది. రిమోటు ఎగిరి కారు కిందికి పోయింది. నేను రెండు చేతులా పట్టి లేపబోయాను, మోటారు ముందు నా భుజమెంత. నా భార్య ఉరికి మెయిన్ ఆపేసింది. షటర్ ఆగింది గాని పైకి లేవలేదు. అప్పుడు ఎర్రతాడు గుర్తొచ్చింది. నేనేసిన ముడిని, ఆ పిల్ల ఏడుపు వింటూ నేనే విప్పాను.

దవాఖానలో ఎముక చిట్లిందని కట్టు కట్టారు. నెలన్నరకు నడిచింది, ఇప్పుడు ఉరుకుతుంది కూడా. దేవుడు నా మొహం చూసి కాదు, దాని మొహం చూసి కాపాడాడు. బిడ్డ దవాఖాన నుంచే పిల్లను నర్సంపేట తీసుకుపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఎల్లుండి వస్తానన్న మనిషి అన్నట్టే వచ్చాడు. గోటితో గాజు మీది పసుపు గీకి నాకు చూపించి, కొత్త వైర్లు వేశాడు. ఇప్పుడు ప్రతి నెల మొదట్లో నేనే ఒక అట్టపెట్టె అడ్డంపెట్టి షటర్ దించి చూస్తాను. ఆగి పైకి పోతేనే నాకు అన్నం సహిస్తుంది. గాజులు పొడిబట్టతో తుడుస్తాను. రిమోటు అల్మారా పైఅరలో ఉంటుంది, తాడు అందేలా వేలాడుతూ ఉంటుంది. ఎవరింట్లో షటర్ కనబడినా ఇదంతా చెప్పందే ఊరుకోను. నన్ను చూసి గల్లీ మారేవాళ్లు తయారయ్యారు.

అన్నీ బాగుచేశాను గాని పిల్ల రాదు. ఏడాది కావస్తోంది. "ఈ ఆదివారం రాండ్రి" అని ఫోన్ చేస్తే "సూద్దాం బాపూ" అంటుంది బిడ్డ. అయినా ఆదివారం కారు బయటపెట్టి, షటర్ పూర్తిగా ఎత్తి, కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆటో చప్పుడైతే లేస్తాను. ఆ పిల్ల గొంతు ఈ ఇంట్లో వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

మొన్న ఇక ఉండబట్టలేక నేనే నర్సంపేట బస్సెక్కాను. మనుమరాలు ఉరికొచ్చి నా కాళ్లు చుట్టేసుకుంది. దానికి నా మీద కోపమే లేదు. మధ్యాహ్నం అన్నం కలిపి నోట్లో పెడుతూ, "నాతోని రా బిడ్డా, రెండు దినాలుండి వద్దువు. షటర్ బాగు చేపిచ్చిన, ఇప్పుడు మంచిగ ఆగుతది" అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. వంటింటి గడపలో నిలబడ్డ బిడ్డ వింటోంది.

మూడు గంటల బస్సుకని చెప్పులు వేసుకుంటుంటే పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడికి పోతున్నావని అడిగింది. ఇంటికి అన్నాను.

"నువ్వు గూడ పోకు తాతా" అంది. "ఆగుతదని నేను గూడ అనుకున్న."

నేను చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నాను.