జాజు పూసిన పొయ్యి

నా చేతిరాత బాగుండదు, తప్పులూ ఉంటాయి, మన్నించండి. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫోటో తీసి గ్రూపులో పెడుతోంది.

శంషాబాద్‌లో మా ఇంట్లో ఆ పిల్ల క్రిస్మస్ కోసం అట్టముక్కలతో, విదేశీ ఇళ్లలో ఉండే గోడపొయ్యి లాంటిది కట్టి ఎర్ర రంగు వేస్తోంది. చూస్తుంటే మా ఊరు మంఖాల్‌లోని చిన్నప్పటి మట్టిపొయ్యి గుర్తొచ్చింది. క్రిస్మస్ ముందురోజు అమ్మ దాన్ని అలికి, ఎర్రమట్టి జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టేది. ఆ తడిమట్టి వాసన మీకూ గుర్తుందా? ఆరేదాకా మంట పెట్టకూడదు.

ఒక ఏడు చలికి ఆగలేక నేను పుల్లలు ముట్టించాను. పొయ్యి నిలువునా పగిలింది.

"తడిపొయ్యిల మంట ఎవలు పెట్టిన్రు?" అంది అమ్మ.

అక్క నా మసి చేతులు చూసింది. "నేనే పెట్టిన అమ్మా" అంది.

"గట్లనా? అయితే పాటలకు పోకు. ఇంట్ల కూసోని మళ్ల అలుకు."

మాకు ఆ క్రిస్మస్ పాటలు నేర్పింది అక్కే. మేమందరం ఇంటింటికీ పాడుతూ వెళ్లాం. అక్క పొయ్యి అలుకుతూ ఉండిపోయింది. మంట పెట్టింది నేనేనని అమ్మ పోయేదాకా చెప్పలేదు.

షాద్‌నగర్‌లో ఉన్న అక్కా, నీ మనవడు ఇది చదివి వినిపిస్తాడు కదా. ఈ అట్టపొయ్యికి మనవరాలిని చుక్కలు పెట్టనివ్వలేదు. నువ్వొచ్చి పెట్టు. పాట కూడా నువ్వే ఎత్తుకోవాలి. వస్తావో లేదో తొందరగా జవాబు రాయి.