బస్టాపు దగ్గర బల్ల

డెబ్బైల చివర మేము న్యూజెర్సీలో ఒక చిన్న ఊళ్ళో కాపురం పెట్టాం. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం వరసగా కట్టిన ఇళ్ళ ఊరది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. వెళ్ళిన కొత్తలో పక్కింటి తలుపుకి మా తాళంచెవి పెట్టి తిప్పి, వాళ్ళ కుక్క చేత తిట్లు తిన్నాను. ఆనాటి సైనికులే మేం వెళ్ళేసరికి ఊరి పెద్దలు. మేయరుగారికి ఇనపసామాన్ల కొట్టుండేది. మేకులు తూచి ఇస్తూనే ఊళ్ళోవాళ్ళ గోడు వినేవారు.

నాకు కారు నడపడం రాదు. మా ఆయన కారేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిపోతే, బజారుకి బస్సే గతి. అప్పుడు నాకు ఆరో నెల. బస్టాపంటే ఒక ఇనప స్తంభం, దాని మీద బస్సు నంబరు రాసిన ఒక రేకు, అంతే. సంచులు కింద పెడితే వంగి తీసుకోలేను, పట్టుకుని నిలబడితే వేళ్ళు కోసుకుపోయేవి.

"చంద్రుడి మీద దిగొచ్చారట, కూర్చోడానికి ఒక బల్ల వెయ్యలేరా?" అన్నాను ఒక సాయంత్రం.

"నాతో అంటే ఏం లాభం? మంగళవారం కౌన్సిల్ మీటింగ్ ఉంది. వెళ్ళి కంప్లైంట్ చెయ్యి," అన్నాడాయన పేపరు దించకుండా.

కంప్లైంట్ మా ఇంటి విద్య. మా నాన్న తెనాలి మునిసిపాలిటీకి ఎన్ని అర్జీలు పెట్టాడో లెక్కలేదు. అర్జీ ఇవ్వడం, ఇంటికొచ్చి వాళ్ళని తిట్టుకోవడం. పౌరుడి బాధ్యత అక్కడితో తీరిపోతుందనే నేను నమ్మేదాన్ని.

మంగళవారం పట్టుచీర కట్టుకుని మీటింగుకి వెళ్ళాను. నా వంతు రాగానే లేచి, అద్దం ముందు అభ్యాసం చేసుకున్న ఇంగ్లీషులో బస్టాపు కష్టాలన్నీ చెప్పాను. మేయరుగారు శ్రద్ధగా విన్నారు.

"చాలా మంచి ఆలోచన, మేడమ్," అన్నారు. తరవాత నాకందని వేగంతో ఏదో తీర్మానం చదివి, "అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నారు.

హాలంతా చేతులు లేచాయి. నా కంప్లైంట్‌కి ఇంత బలముందా అని మురిసిపోయి నేనూ ఎత్తాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మా ఆయన భుజాలు ఊగిపోతున్నాయి.

"ఎందుకా నవ్వు?" అన్నాను బయటికొచ్చాక.

"నిన్ను బల్ల కమిటీకి చైర్మన్‌ని చేశారే! నీకు నువ్వే ఓటేసుకున్నావు!"

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగినవాళ్ళ చేతే వండించే ఊరొకటుంటుందని మాకెవరూ చెప్పలేదు.

నా కమిటీలో ఇద్దరు సభ్యులు. ఒకాయన మాజీ సార్జెంటు, ఆరడుగుల మనిషి, చెక్కపని ఆయన సరదా. రెండో ఆవిడ రిటైరైన టీచరు, భర్త పోయి ఒంటరిగా ఉండేది. ఏదో పాత పెరేడ్ విషయంలో ఇద్దరికీ మాటల్లేవు. అంచేత మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ప్రతిదీ నాతోనే చెప్పేవారు.

"బల్ల ఆకుపచ్చగా ఉండాలని ఆవిడకి చెప్పండి," అనేవాడాయన.

"ఇది యుద్ధరంగం కాదు, తెల్లరంగు వెయ్యాలని ఆయనకి చెప్పండి," అనేదావిడ.

పక్కపక్కనే కూర్చున్న మనుషుల మధ్య రాయబారం నడపలేక నేను లేచి వెళ్ళి మిరపకాయ బజ్జీలు వేసుకొచ్చాను. ఇద్దరూ మొహమాటానికి కొరికారు. సార్జెంటుగారి మొహం ఎర్రబడింది. టీచరుగారి కళ్ళంట నీళ్ళు కారాయి. ఆవిడ తన మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి తోసింది.

"థాంక్యూ," అన్నాడాయన. నేరుగా ఆవిడతోనే!

ఇదే అదనని, "పసుపు రంగు వేద్దామా? మా వైపు శుభం," అన్నాను. ఇద్దరూ మండుతున్న నోళ్ళతో తలలూపారు.

సార్జెంటుగారు తన గరాజులో బల్ల చేశాడు. ప్రారంభోత్సవానికి ఫైర్‌మెన్ ట్రక్కు కడిగి తెచ్చారు, బ్యాండు వాయిస్తుంటే మేయరుగారు రిబ్బన్ కత్తిరించారు. చైర్మన్‌ని కాబట్టి మొదట నన్ను కూర్చోమన్నారు. ఎక్కి కూర్చున్నాను. అవును, ఎక్కాల్సే వచ్చింది. నా కాళ్ళు నేలకి జానెడు ఎత్తున ఊగుతున్నాయి. సార్జెంటుగారు తన మోకాలి ఎత్తు చూసుకుని చేశాడు మరి. ఎవరూ నవ్వలేదు గానీ, బ్యాండువాళ్ళు వాయించడం మానేశారు.

"నన్నొక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని," అంది టీచరుగారు, ఆయన మొహంలోకే చూస్తూ.

ఆయన ఇంటికెళ్ళి రంపం పట్టుకొచ్చాడు. ఆవిడ బల్లని కదలకుండా పట్టుకుంది. ఊరంతా చూస్తుండగా నాలుగు కాళ్ళూ కోశాడు. ఒకటి కాస్త ఎక్కువే తెగింది. దాని కింద ఒక ఇటుక ముక్క పెట్టారు. అలాగే నేనూ నా సంచులూ చలికాలం దాకా దాని మీద హాయిగా కూర్చున్నాం. ఆ లోపల అమ్మాయి పుట్టింది, వసంతానికి నాకు లైసెన్సూ వచ్చింది.

ఒక ఆదివారం పిల్లని వెనక సీట్లో పడుకోబెట్టుకుని కొత్తగా డ్రైవ్ చేస్తున్నాను. పక్కన మా ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద సార్జెంటుగారూ టీచరుగారూ కనిపించారు.

"సండే బస్సులుండవుగా. వీళ్ళు దేనికోసం వెయిట్ చేస్తున్నారు?" అన్నాడు మా ఆయన.

"నాకేం తెలుసు, నన్ను రోడ్డు చూడనివ్వండి," అన్నాను.

హారన్ కొట్టి చెయ్యి ఊపాను. ఇద్దరూ ఏదో వాదులాటలో మునిగి, తలెత్తనైనా లేదు.