వేటగాడు లేని కథ

బొమ్మల సినిమాల మీద తన భార్యకు ఉన్నన్ని అభిప్రాయాలు న్యూజెర్సీలో వాళ్ళుండే పార్సిప్పనీ ఊరు మొత్తంలో ఇంకెవరికీ లేవని సుందర్ రాజ్ కనిపించినవాళ్ళందరితో చెప్పేవాడు. అందులో అతిశయోక్తి కొంచెమే. దేవకుమారి ఆసుపత్రిలో నర్సు, అదీ రాత్రి డ్యూటీ. సినిమాలకు వెళ్ళే తీరికా లేదు, ఓపికా లేదు. అయినా సరే, జంతువులు జోకులు వెయ్యకూడదనీ, సంగీతం వాయించి పిల్లలకు ఎక్కడ ఏడవాలో చెప్పకూడదనీ, కుందేలుకి కళ్ళు చేటలంత గీస్తే అది ముద్దు కాదు, జబ్బనీ తీర్పులు చెప్పేది. అన్నిటికన్నా పెద్ద తీర్పు ఇంకోటుంది. పిల్లల పుస్తకం మీద చెయ్యి వెయ్యకూడదు. పుస్తకంలో ఎలా ఉంటే తెరమీద అలాగే ఉండాలి, అంతే.

ఈ పాండిత్యమంతా ఆమెకు నిద్రలో అబ్బింది. శనివారం పొద్దున డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం మార్చుకుని, బెడ్‌రూమ్‌కి పోకుండా హాల్లో సోఫా మీదే వాలిపోయేది. ఎదురుగా కార్పెట్ మీద కూతురు నవోమి టీవీలో కార్టూన్లు చూస్తూ ఉండేది. సౌండ్ పూర్తిగా తగ్గించి చూసేది. కిటికీ తెరలు మూసి ఉండటం వల్ల ఆ రంగులు గోడల మీదా, పైకప్పు మీదా, దేవకుమారి రెప్పల మీదా ఆడేవి. సగం మెలకువలో, సగం కలలో ఆమె ఆ మూగ బొమ్మలకు తనే కథలు కట్టేది. టీవీలో గోడ దూకిన పిల్లి ఆమె కలలో నర్సాపురం రేవులో దిగేది. ఏనుగు పంటు ఎక్కి గోదావరి దాటేది. నీలం ఎలుక ఒకటి వార్డులోకి వచ్చి ముసలి పేషెంట్ల దుప్పట్లు సర్దేది. లేచాక ఎప్పుడైనా అదే కార్టూన్ మాటలతో సహా వినబడితే ఆమెకు ఒళ్ళు మండేది. ఇంత చక్కటి పిల్లి నోట్లో ఇంత చచ్చు మాటలా!

అయితే ఆ సౌండ్ తగ్గించడమే ఆమె గుండెలో ముల్లు. తగ్గించమని ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లే తగ్గించుకుంది.

దేవకుమారి అమెరికా వచ్చింది డెబ్బై ఆరులో. అప్పటికి నవోమికి ఇంకా ఏడాది నిండలేదు. నర్సులకు గిరాకీ ఉంది, ముందు నువ్వు వెళ్ళు, తరవాత మేం వస్తాం అన్నాడు సుందర్ రాజ్. ఆమె కూడా ఎగిరి గంతేసింది. ఆ మాట దాచాల్సిన పని లేదు. ఒక్క ఏడాదే కదా అని పిల్లను నర్సాపురంలో తల్లి దగ్గర వదిలింది. రెండేళ్ళకు మొగుడు వచ్చాడు. పిల్ల మాత్రం ఇదిగో వచ్చే వేసవి, అదిగో వచ్చే క్రిస్మస్ అంటూ ఐదేళ్ళు అక్కడే ఉండిపోయింది. చివరికి తెలిసినవాళ్ళతో విమానంలో వచ్చి, ఎయిర్‌పోర్ట్‌లో చేతులు జోడించి, అమ్మమ్మ నేర్పిన మర్యాదంతా గుర్తు తెచ్చుకుని, "వందనాలు ఆంటీ" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా దేవకుమారే నవ్వింది. నెల తిరక్కుండా పిల్ల 'అమ్మ' అనడం నేర్చుకుంది, ఎక్కాలు నేర్చుకున్నట్టు. అక్కడితో సమస్య తీరిపోయిందని సుందర్ రాజ్ అనుకున్నాడు.

ఇప్పుడు ఏడు దాటినా నవోమి ఆ ఇంట్లో చుట్టపు పిల్లలాగే ఉండేది. ఫ్రిజ్ తెరవాలంటే అడిగేది. పెట్టింది తినేది. దుప్పటి మడత పెట్టేది. కొత్త గౌను కొంటే "థాంక్సండీ" అనేది. చర్చిలో ఆడవాళ్ళు, "ఎంత బుద్ధిమంతురాలమ్మా, మా పిల్లలూ ఉన్నారు దేనికీ" అని మెచ్చుకుంటుంటే దేవకుమారికి అది మెప్పులా వినబడేది కాదు. చిన్నప్పుడు తను అలిగిందంటే వంటింటి గుమ్మంలో అడ్డంగా పడుకునేది. తల్లి బతిమాలి బతిమాలి, చివరికి బెల్లం గడ్డ చేతిలో పెడితేగానీ లేచేది కాదు. అలక అయినవాళ్ళ మీదే. పరాయి ఇంట్లో ఎవరైనా అలుగుతారా? మిగతా ఆడవాళ్ళు ప్రార్థనలో గ్రీన్‌కార్డులూ, ప్రమోషన్లూ అడుగుతుంటే, నా కూతురు నా మీద ఒక్కసారి అలగాలి ప్రభువా అని ఆమె అడిగేది. దేవుడికి కూడా ఇలాంటి అర్జీ కొత్తగానే ఉండి ఉంటుంది.

తెలుగు క్రైస్తవుల సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడుకునేది. అక్కడ చిన్నపిల్లల క్లాసు దేవకుమారిది. మిషన్ బడిలో తను నేర్చుకున్న పద్ధతే ఇక్కడా తెచ్చింది. ఒక పలక మీద నీలం ఫ్లానెల్ గుడ్డ బిగించి ఉంటుంది. కత్తిరించిన బొమ్మల వెనక గరుకు గుడ్డ అంటించి, కథ చెబుతూ ఒక్కొక్కటే ఆ పలక మీద పెడితే అతుక్కుని నిలబడతాయి. బొమ్మలు కదలవు. కదలాలంటే పిల్లలు లేచి వచ్చి జరపాలి. బైబిల్ పాఠం అయ్యాక మిగిలిన సమయంలో ఆమె లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు కూడా ఇలాగే చెప్పేది. బాయిలర్ వెచ్చగా గొణుగుతుండేది. ముందు రాత్రి నిద్ర లేని కళ్ళతో ఆమె నెమ్మదిగా మాట్లాడుతుంటే పిల్లలూ ఆమెతో పాటు ఆ మత్తులోకి జారిపోయేవారు.

ఆ పుస్తకాల్లో ఆమెకు ప్రాణమైంది ఒకటుంది. అడవిబాతు పిల్ల కథ. చలికాలం వస్తుంది. బాతులన్నీ బారులు కట్టి దక్షిణానికి ఎగిరిపోతాయి. రెక్కలు రాని పిల్ల ఒకటి చెరువులో మిగిలిపోతుంది. 'అమ్మ కూడా వెళ్ళింది' అని పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. తరవాత చెరువు గడ్డకడుతుంది. పొలం కాపలా ముసలి కుక్క ఒకటి రోజూ వచ్చి మంచు పగలగొట్టి పోతుంది. చివరి పేజీలో మాటల్లేవు. పేజీ అంతా తెల్లటి మంచు, దాని మీద చిన్న చిన్న అడుగులు పేజీ అంచుదాకా వెళ్ళి ఆగిపోతాయి. బాతుపిల్ల ఎక్కడికి వెళ్ళిందో ఆమె పిల్లల్నే అడిగేది. ఒకడు ఫ్లోరిడా అనేవాడు, ఒకమ్మాయి కుక్క ఇంటికి అనేది. నవోమి వంతు వచ్చినప్పుడు మాత్రం, "మీరే చెప్పండి" అనేది, మర్యాదగా. 'అమ్మ కూడా వెళ్ళింది' అన్న వాక్యం దగ్గర దేవకుమారి ఎప్పుడూ కొంచెం తొందరగా చదివి ముందుకు పోయేది.

ఎనభై మూడు శీతాకాలంలో ఆ పుస్తకాన్ని బొమ్మల సినిమా తీసి థియేటర్లలోకి వదిలారు. ఆ కబురు మోసుకొచ్చినవాడు జోసఫ్. సంఘంలో అందరికన్నా ముందు వీసీఆర్ కొన్న మనిషి. బొమ్మలు అతికించే రోజులు పోయాయనీ, పిల్లల క్లాసులో టీవీ పెట్టేద్దామనీ చాలాకాలంగా పోరుతున్నాడు.

భోజనాల దగ్గర, "దేవక్కా, నీ బాతు సినిమాకెక్కింది," అన్నాడు. "సూపర్‌గా ఉందంట. బాతు పాటలు కూడా పాడతదంట."

"పాటలా? పదహారు పేజీల పుస్తకానికి పాటలెందుకయ్యా?"

"మరి గంటన్నర ఫిల్ చెయ్యాలి కదక్కా. టికెట్ కొన్నోడికి మంచు ఒక్కటే చూపిస్తే ఊరుకుంటాడా?"

సుందర్ రాజ్ పులిహోర వడ్డించుకుంటూ భార్యను ఓ చూపు చూశాడు. "నువ్వు చేసేదీ అదే కదే. పుస్తకంలో కుక్క నల్లది, నీ పలక మీద తెల్లది. నీ బొమ్మల డబ్బాలో ఏ కుక్క ఉంటే అది పెట్టేశావు. వాళ్ళు చేస్తే పాపం, నువ్వు చేస్తే సువార్తా?"

అందరూ నవ్వారు. దేవకుమారి మాత్రం ఆ సినిమా చూసి, దాని బతుకు బయటపెట్టి తీరతానంది.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె నవోమిని ఎక్కించుకుని మాల్‌లో ఉన్న థియేటర్‌కి డ్రైవ్ చేసింది. సన్నగా మంచు పడుతోంది. సుందర్ రాజ్ చేపల పులుసు పెడతానని ఇంట్లో ఉండిపోయాడు. హాలు సగం ఖాళీ. సీట్లు మెత్తగా, గాలి వెచ్చగా ఉన్నాయి. రాత్రంతా నిలబడిన కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కాయి. తెర మీద తెల్లవారింది. నీళ్ళ రంగులతో వేసిన చెరువు, దాని మీద తేలే పొగమంచు. నిజం చెప్పాలంటే ఆమెకు ఊపిరాడలేదు, అంత బాగుంది. కాసేపు అది న్యూజెర్సీ చెరువో గోదావరి పాయో తెలియలేదు. అంతలో ఒక కప్ప ఊడిపడి జోకులు మొదలుపెట్టింది. ఆమె సీట్లో అటూ ఇటూ కదిలి, నిట్టూర్చి, మనసులోనే సినిమాకి మార్కులు కోసేసింది.

తరవాత వేటగాడు వచ్చాడు. పుస్తకంలో లేని మనిషి. తుపాకీ పేలింది, బాతులు చెల్లాచెదురయ్యాయి. తల్లి బాతు వెనక్కి తిరిగి, పిల్ల కోసం అరుస్తూ, గాలివానలో కొట్టుకుపోయింది. చివర్లో వసంతం రాగానే తిరిగొచ్చింది. పిల్ల పరుగెత్తుకెళ్ళి రెక్క కింద దూరింది. వయొలిన్లు మోగాయి. సంగీతం ఏడవమన్న చోటనే దేవకుమారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ చీకట్లో ఆమెకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తల్లి తప్పేమీ లేదు. అంతా వేటగాడే చేశాడు. తన కథలోనూ అలాంటివాడు ఒకడుంటే ఎంత బాగుండును! ఆమె వెతికింది. అత్తగారు తరమలేదు. ఆకలి తరమలేదు. ఎవరూ తుపాకీ పేల్చలేదు. మద్రాసులో విమానం ఎక్కేటప్పుడు కొత్త చీర కట్టుకుంది, కిటికీ పక్క సీటు వచ్చిందని సంతోషపడింది. అది తలుచుకోగానే సిగ్గేసింది.

తిరిగి వచ్చేటప్పుడు వైపర్లు నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతున్నాయి. నవోమి ముందు సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బావుందా సినిమా?"

"బావుందండీ." వైపర్ల వైపే చూస్తూ, "పుస్తకంలో వేటగాడు లేడు కదా?" అంది.

"లేడు. సినిమావాళ్ళు పెట్టుకున్నారు."

"ఎందుకు?"

సినిమాల గురించి ఎవరేమడిగినా దేవకుమారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడూ అలాగే వచ్చేసింది. "వాడు లేకపోతే అందరికీ అమ్మ బాతు మీద కోపం వస్తుంది కదా. అది రాకుండా."

అన్నాక గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు.

"మరి పుస్తకంలో? అమ్మ బాతు ఎందుకెళ్ళింది?"

చలి కదమ్మా, బాతులన్నీ వెళ్తాయి అనొచ్చు. నోటి చివరిదాకా వచ్చింది. కానీ పుస్తకాన్ని మార్చకూడదని ఊరందరికీ చెప్పిన మనిషి ఆమె. ఎర్ర లైటు దగ్గర కారు ఆపి, అద్దం మీద పడి కరుగుతున్న మంచును చూస్తూ చెప్పింది.

"వెళ్ళాలనిపించింది, వెళ్ళింది. ఎవరూ తరమలేదు."

"పిల్లకి రెక్కలు రాలేదని తెలీదా?"

"తెలుసు."

"తెలిసే వెళ్ళిందా?"

"తెలిసే వెళ్ళింది, నవోమీ. తొందరగా వచ్చేస్తాననుకుంది. రాలేదు."

పచ్చ లైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆ హారన్‌ని మించి నవోమి అరిచింది.

"ఆగొచ్చు కదా! వెయిట్ చెయ్యొచ్చు కదా! వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళొచ్చు కదా!" బూటు కాలితో డాష్‌బోర్డ్‌ని తన్నింది, మళ్ళీ తన్నింది. "ఐ హేట్ దట్ బుక్! సినిమాలో అమ్మ మంచిది. నీ పుస్తకంలో అమ్మ చెడ్డది!"

"అవునమ్మా," అంది దేవకుమారి.

"అవును అనకు!" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆ ఏడుపు అపార్ట్‌మెంట్ల దాకా సాగింది. కారు ఆపాక నవోమి దిగలేదు. చేతులు కట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పేసి, బిగుసుకుపోయింది. దేవకుమారి అటువైపు వెళ్ళి తలుపు తీస్తే, లాగి ధడాలున మూసేసుకుంది. ఆ చప్పుడుకు సుందర్ రాజ్ గరిటె చేత్తోనే మెట్లు దిగి వచ్చాడు.

"ఏమైందే? యాక్సిడెంటా?"

దేవకుమారి మంచులో నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. అది ఆపుకోవడం ఆమె తరం కావడం లేదు.

"అలిగింది," అంది.

"ఎవరు?"

"ఎవరేంటండీ! నవోమి. నా మీద అలిగింది."

సుందర్ రాజ్ భార్యను చూశాడు, కారులో కూతురిని చూశాడు. ఆ ఇంట్లో అలక ఖరీదు అతనికీ తెలుసు. "హీటర్ వేసుకోండి మరి. పులుసు మళ్ళీ వేడి చేస్తాలే," అని గరిటె దులుపుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

దేవకుమారి డ్రైవర్ సీట్లో కూర్చుని హీటర్ వేసింది. బతిమాలడం ఎలా మొదలుపెడతారో తల్లి దగ్గర చూసిందే గానీ, తను ఎప్పుడూ చేసి ఎరగదు. చేపల పులుసు ఉందని చెప్పింది. బొమ్మల పెన్సిళ్ళు కొంటానంది. భుజం ఇంకొంచెం అటు తిరిగింది. మంచు అద్దాలన్నిటినీ ఒక్కొక్కటిగా కప్పేసింది. కారు లోపల వెలుతురు పాలలా పలచగా మారింది. బయట పార్కింగ్ లాటూ, భవనాలూ, అమెరికా అంతా మాయమైపోయింది. పిల్ల ముక్కు ఎగబీల్చడం ఒక్కటే వినబడుతోంది. పిల్లకు చలేస్తుందేమో, పైనుంచి దుప్పటి తెద్దామని ఆమె తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేసింది.

నవోమి ఇటు తిరక్కుండానే అంది.

"నాతో మాట్లాడొద్దు. ఇక్కడే కూచో."