కొసరి వడ్డించే చెయ్యి

మా కుక్క ఇప్పుడు గోపన్‌పల్లిలో ఇంకొకావిడ ఇంట్లో ఉంటోంది. హాయిగా ఉందట. ఆ మాటకు సంతోషించాలని నాకూ తెలుసు. కానీ వినగానే ఒళ్ళు మండుతుంది.

మాది అనంతపురం వైపు. మా వాళ్ళు ఎవరినీ ఒంటరిగా అన్నం తిననివ్వరు. తినేవాళ్ళ పక్కన ఒకరు గరిటె పట్టుకుని నిలబడాలి, వద్దంటున్నా ఇంకో ముద్ద పడాలి. హైదరాబాదులో ఈ నల్లగండ్ల ఫ్లాటుకు వచ్చినా, పొద్దంతా ఆఫీసు మీటింగుల్లో నలిగినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. కుక్కకూ అదే మర్యాద చేశాను. అది తింటుంటే పక్కనే కూర్చుని, గిన్నెలో చెయ్యి పెట్టి పెరుగు కలిపేదాన్ని, అడుగున ఉన్న చికెన్ ముక్కలు పైకి తీసేదాన్ని. అది బిగుసుకుపోయి గుర్రుమనేది. "పెట్టే చేతి మీదే గుర్రుమంటావా?" అని కసిరేదాన్ని. కొన్నాళ్ళకు గుర్రుమనడం మానేసింది. దారికొచ్చిందని మురిసిపోయాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా నాలుగేళ్ళ పాప అచ్చం నాలాగే గిన్నె ముందు చతికిలబడి, "ఇంకొంచెం తిను నాన్నా" అంటూ తన పప్పన్నం ముద్ద అందులో పెట్టబోయింది. కుక్క చప్పుడు చేయకుండా చేతిని కరిచేసింది.

పాపకు సూదులు వేయించాక కుక్కల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గిన్నె లాక్కుంటారనే భయంతో అలా చేస్తుందనీ, గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరికనీ, మేము కసిరి కసిరి దాన్ని మాన్పించామనీ ఆయన చెప్పాడు. గది తలుపు వేసి తిండి పెట్టడం మొదలుపెట్టాం. పాప తలుపు తీసేది.

"పాప ఉండే ఇంట్లో కుదరదు మే. దానికి మంచి చోటు చూద్దాం" అన్నాడు మా ఆయన.

అలా దొరికింది గోపన్‌పల్లి ఆవిడ. బ్యాంకు ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, ఇదివరకు కుక్కలను పెంచింది. మా ఇంటికి వచ్చి, "ఏం దాచకుండ చెప్పుండ్రి. కరిచింది గూడ చెప్పుండ్రి" అంది. అన్నీ చెప్పాను. పాప చేతి మీది మచ్చ కూడా చూపించాను. నా నిజాయితీని మా ఆయన తర్వాత తెగ మెచ్చుకున్నాడు. అసలు సంగతేమిటంటే, ఆవిడ భయపడి పారిపోతుందని నా ఆశ.

"గంతేనా? తినేటప్పుడు దాని జోలికి పోకుంటె సరి" అందావిడ.

కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వాలని, ఇంకెవరికీ ఇవ్వకూడదని మాట తీసుకున్నాం. కుదరకూడదని నేను లోలోపల దేవుడికి మొక్కుకున్నాను.

కొన్ని వారాల తర్వాత చూడ్డానికి వెళ్ళాం. నన్ను చూసి కుక్క గంతులేసింది, మొహమంతా నాకింది. "చూశావా, ఎవరి కుక్కో!" అనుకున్నాను. ఆవిడ దాని గిన్నె ఒక మూలన పెట్టి, వచ్చి మాతో టీ తాగుతూ కూర్చుంది. అటు చూడను కూడా చూడలేదు. నేను ఉండలేకపోయాను. ఇంటి నుంచి తెచ్చిన ఉడికించిన గుడ్డు పట్టుకుని లేచాను. కుక్క మెడ బిగించి గుర్రుమంది.

"జర కూసోండి, దాన్ని తిననియ్యండి" అందావిడ. "గుర్రుమంటె మంచిదే. నోరు తెరిచి చెప్తున్నది గద."

కూర్చున్నాను. కాసేపటికి కుక్క సగం గిన్నె వదిలేసి వచ్చి, ఆవిడ పాదం మీద గడ్డం ఆనించి, మళ్ళీ వెళ్ళి తింది. మా ఇంట్లో అది ఏనాడూ గిన్నె వదిలి నా దగ్గరికి రాలేదు. ఏం చేసింది ఈవిడ? ఏమీ చేయలేదు. నా కడుపుమంటంతా అదే. టీలో చక్కెర ఎక్కువైందని పైకే అన్నాను.

ఆ సాయంత్రం పాప అన్నం తింటుంటే నా గరిటె అలవాటుగా పళ్ళెం మీదికి వెళ్ళింది. పాప రెండు చేతులూ పళ్ళేనికి అడ్డం పెట్టి బిగుసుకుపోయింది. మచ్చ ఉన్న చెయ్యి పైన ఉంది.

గరిటె వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి దగ్గర నిలబడి గోపన్‌పల్లి ఆవిడను బాగా తిట్టుకున్నాను. హాల్లోకి తొంగి చూడకుండా ఉండడానికి గట్టు తుడిచాను, మళ్ళీ తుడిచాను.

చాలాసేపటికి పాప పళ్ళెం పట్టుకుని తనే వచ్చింది.

"అమ్మా, ఇప్పుడు పెట్టు" అంది.