పొరుగాయన తుపాకీ కొస

బాతుల వేటలో సీసం గుండ్లు వాడకూడదని ఇంగ్లండ్‌లో చట్టం వచ్చేనాటికి మేం కేంబ్రిడ్జ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దాయన చలికాలంలో చిత్తడి నేలల్లో బాతుల వేటకు వెళ్లేవారు. మా పిల్లలకు ఆయన అంకుల్. నేను అక్కడి సైన్స్ పార్కులో ఒక పరిశోధనశాలలో లోహాల మీద పనిచేసేవాణ్ణి. ఇక ఆ చట్టం నాకోసమే వచ్చినట్టు రంగంలోకి దిగాను.

ఆయన తుపాకీ వాళ్ల నాన్నది. దాని రెండు గొట్టాలూ కొసకు వచ్చేసరికి లోపల బాగా ఇరుకవుతాయి. ఆ ఇరుకునే చోక్ అంటారు. తూటాలోని చిన్న చిన్న గుండ్లన్నీ దూరాన ఎగిరే బాతుదాకా చెదరకుండా వెళ్లాలని వాళ్ల నాన్న ఏరికోరి అలా చేయించుకున్నారట. సీసం మెత్తనిది కాబట్టి కాస్త నలిగి అందులోంచి దూరిపోతుంది. చట్టం వచ్చాక సీసానికి బదులు అందరూ వాడుతున్న స్టీలు నలగదు. అంత ఇరుకులోంచి స్టీలు గుండ్లు పేలిస్తే గొట్టం కొస ఉబ్బిపోవచ్చు, చీలినా చీలవచ్చు.

నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ చెప్పి ఊరుకుంటే నేనెందుకవుతాను? సాయంత్రమైతే చాలు, వాళ్లింటికి వెళ్లి బొమ్మలు గీసి చూపించేవాణ్ణి. వేళ్లు పోతాయని భయపెట్టాను. చోక్ వెడల్పు చేయించడమొక్కటే దారి అన్నాను. ఆయన వింటూ టీ పోసేవారు. మా ఆవిడది ప్రొద్దుటూరు. "తుపాకీ నీది గాదు, బాతు నీది గాదు. నీకెందుకబ్బా అంత ఆత్రం?" అని ఎగతాళి చేసేది.

చివరికి తుపాకులు బాగుచేసే దుకాణానికి ఆయన్ను నా కార్లోనే తీసుకెళ్లాను. అక్కడి మనిషి గొట్టాల మందం కొలిచి, చోక్ వెడల్పు చేస్తే మామూలు స్టీలు తూటాలకు పరవాలేదన్నాడు. అయితే ఒకసారి తీసేసిన లోహం మళ్లీ రాదు, బాగా ఆలోచించుకోండి అని కూడా చెప్పాడు. పెద్దాయన నావైపు చూశారు. నేను తలూపాను.

ఆ చలికాలం ఆయన వెళ్లిన ప్రతిసారీ ఉత్త చేతులతోనే తిరిగొచ్చారు. గుండ్లు ముందులా గుంపుగా పోవడం లేదని, చేతికి కొత్త అలవాటు పట్టుబడడం లేదని నవ్వుతూ చెప్పారు. తర్వాత వెళ్లడమే మానేశారు.

మిగిలిన తూటాలు తిరిగిచ్చేయడానికి వసంతంలో మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాం. అరలో బిస్మత్ అనే లోహపు గుండ్లున్న తూటాలు కనిపించాయి. సీసంలా మెత్తనివి, ఇరుకు చోక్ ఉన్న పాత తుపాకుల్లో ఏ మార్పూ లేకుండా వాడుకోవచ్చని పెట్టె మీదే రాసి ఉంది. ఖరీదెక్కువ, అంతే. ఇంకో దారి ఉందేమో కనుక్కోవాలని నాకు తోచనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగొస్తూ కార్లో, ఆ బిస్మత్ తూటాలు ఉన్నాయని మీకు ముందే తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. మరెందుకు చెప్పలేదన్నాను.

"నా భార్య పోయాక నా వేళ్లకేమవుతుందోనని దిగులుపడినవాడివి నువ్వొక్కడివే. వద్దనడానికి నాకు నోరు రాలేదు."

నేను రోడ్డువైపే చూస్తూ నడిపాను. ఆయన వేళ్ల గురించి నేనెప్పుడూ దిగులుపడలేదు. వాదనకు పనికొస్తాయని వాడుకున్నాను. నా మాట నెగ్గాలన్నదే నా దిగులంతా. ఆ సంగతి చెప్పేద్దామని ఇల్లు చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను.

దిగేటప్పుడు ఆయన కారు తలుపు పట్టుకుని వంగి, అన్నిటికీ థాంక్స్ అన్నారు. పరవాలేదన్నాను.